బాపుకు, దుబాయ్‌లోని దేరా నుంచి: విమాన సీట్ల సంగతి

బాపుకు దండాలు.

ఇక్కడ మేమంతా బాగున్నాం. అవ్వకు మోకాళ్ల నొప్పి తగ్గిందని చెల్లె చెప్పింది. తగ్గింది కదా అని మందులు ఆపనీయకు.

మొన్న ఫోన్లో మన మాట సగంలోనే తెగిపోయింది. "దుబాయ్ విమాన కంపెనీ ఎమిరేట్సోళ్లు ఇంకా సీట్లు కావాలంటుంటే మన సర్కారు ఎందుకు ఇస్తలేదు?" అన్నావు. వెంటనే "ఇస్తే మన కంపెనీలు ఎట్ల బతకాలె?" అనీ అన్నావు. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. పొద్దంతా టికెట్లు కొట్టే పనే కాబట్టి నాకు తెలిసినంత రాస్తున్నా.

ఏ దేశం విమానమైనా ఇంకో దేశానికి రోజూ సర్వీసు నడపాలంటే ఆ దేశం ఒప్పుకోవాలి. 1944లో చికాగోలో దేశాలు రాసుకున్న ఒప్పందంలోనే ఈ మాట ఉంది. మీ ఆర్టీసీ భాషలో చెప్పాలంటే రూటు పర్మిట్. కాకపోతే ఇక్కడ బండ్లను కాదు, వారానికి ఎన్ని సీట్లు అన్నది లెక్కపెడతారు, ఏయే ఊళ్లలో దిగొచ్చో కూడా రాసుకుంటారు.

మనకూ దుబాయ్‌కీ ఆ లెక్క 2014లో పెరిగింది. అంతకుముందు వారానికి 54 వేల చిల్లర ఉండేది, దాన్ని 65 వేలు దాటించారు. ఇప్పుడు ఒక్కో వైపు దాదాపు 66 వేల సీట్లు. వాళ్ల వాటాను ఎమిరేట్స్, ఫ్లైదుబాయ్ పంచుకుంటాయి. మన వాటా ఇండిగో, ఎయిర్ ఇండియా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, స్పైస్‌జెట్‌లది. వినడానికి పెద్ద అంకెలే. కానీ ఎమిరేట్స్ నడిపే పెద్ద బోయింగ్‌లో 350 దాకా సీట్లుంటాయి. ఒక ఊరికి అలాంటిది రోజుకొకటి వేస్తే వారంలో రెండున్నర వేలు అయిపోయినట్టే. వాళ్లు మన దేశంలో హైదరాబాద్‌తో కలిపి 9 నగరాలకు వస్తారు. అబుదాబికి, షార్జాకు లెక్కలు వేరే. అందుకే దేరాలో ఉండేవాళ్లు కూడా ఒక్కోసారి షార్జా పోయి విమానం ఎక్కుతారు.

దుబాయ్ వాటా ఎప్పుడో నిండింది. 2022లో దుబాయ్ విమానయాన అధికారులు మన కేంద్ర విమానయాన మంత్రికి ఉత్తరం రాసి, వారానికి ఇంకో 50 వేల సీట్లు, ఎనిమిది కొత్త ఊళ్లు అడిగారు. అమృత్‌సర్, తిరుచ్చి, కోయంబత్తూరు, కన్నూరు, గోవా, భువనేశ్వర్, గువాహటి, పుణె. ఆ జాబితాలో మన తెలుగు ఊరు ఒక్కటీ లేదు బాపూ. మరుసటి ఏడాది అప్పటి మంత్రి సింధియా, ఇప్పట్లో సీట్లు పెంచే ఆలోచన లేదని చెప్పేశారు.

మా ఆఫీసులో కన్నూరు అతను ఒకడున్నాడు, నా పక్క సీటే. వాళ్ల ఊళ్లో 2018 డిసెంబరులో కొత్త ఎయిర్‌పోర్టు తెరిచారు. మూడు కిలోమీటర్ల రన్‌వే, పెద్ద విమానాలు దిగొచ్చు. అయినా విదేశీ కంపెనీలకు అక్కడ అనుమతి లేదు. అక్కడి నుంచి గల్ఫ్‌కు బాగా నడిపిన గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయేసరికి వాళ్ల గతి చెప్పనక్కర్లేదు. ఎయిర్‌పోర్టు మాట వస్తే చాలు, అతని గొంతు పెరుగుతుంది. పెరగదా మరి!

సర్కారు ఎందుకు ఒప్పుకోవట్లేదో కూడా చెబుతా. 2016 విమానయాన విధానంలో, ఢిల్లీ నుంచి 5,000 కిలోమీటర్ల అవతల ఉన్న దేశాలతో సీట్ల లెక్క లేకుండా తలుపులు తీయొచ్చన్నారు. దుబాయ్ అందులో సగం దూరం కూడా లేదు. దగ్గరి దేశాలతో గీసిగీసి బేరమాడతారు. ఎందుకంటే ఎమిరేట్స్‌లో శంషాబాద్‌లో ఎక్కినవాళ్లంతా దుబాయ్‌లో దిగరు. డాలస్‌కో చికాగోకో పోయే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఇక్కడ విమానం మారి వెళ్లిపోతారు. ఆ దూరపు టికెట్ల డబ్బు మన కంపెనీలకు రావాలని సర్కారు పట్టుదల. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకు నేరుగా విమానం వేసింది గుర్తుందా? అది నిలబడలేదు. ఇప్పుడు ఎయిర్ ఇండియాను కొన్న టాటావాళ్లు 470 విమానాలకు, ఇండిగో 500 విమానాలకు ఆర్డరు పెట్టుకున్నారు, రెండూ 2023లోనే. అవి వచ్చేలోపు దుబాయ్ కంపెనీలకు తలుపులు బార్లా తెరిస్తే మనవాళ్లకు మిగిలేదేముంటుంది? నువ్వన్న మాటలో న్యాయముంది. ప్రైవేటు బస్సులు లాభమొచ్చే రూట్లు తన్నుకుపోతే డిపో ఏమవుతుందో చూసినవాడివి నువ్వు.

అయితే ఆ లెక్కల్లోకి రాని మనుషులు రోజూ నా కౌంటర్ ముందు నిలబడతారు బాపూ.

జులైలో ఒకాయన వచ్చాడు, కోరుట్ల పక్క పల్లె. మేస్త్రీ పని. సైటు బట్టల్లోనే వచ్చాడు, బూట్లకు సిమెంటు అలాగే ఉంది. ప్లాస్టిక్ కవర్లో పాస్‌పోర్టు, కంపెనీ ఇచ్చిన లీవు కాగితం. పొద్దున వాళ్లమ్మ పోయింది. జులైలో ఇక్కడ బడులకు సెలవులు, కుటుంబాలన్నీ ఊళ్లకు కదులుతాయి. ఆ రాత్రికి హైదరాబాద్ విమానం ఒక్కదాంట్లోనూ సీటు లేదు. మర్నాటికి ఒకే ఒక్కటి కనిపించింది, ధర అతని నెల జీతం కంటే ఎక్కువ. ఇంటికి ఫోన్ చేసి, "ఫ్రీజర్ ఇంకో రోజుకు మాట్లాడి పెట్టుండ్రి" అన్నాడు. ఏడవలేదు. గొంతు కూడా వణకలేదు. నాకే కీబోర్డు మీద చెయ్యి ఆడలేదు. చివరికి ముంబైకి సీటు దొరికింది, అక్కడి నుంచి మనవైపు వచ్చే ప్రైవేటు బస్సులో పోయాడు. మూడో రోజు చేరి కొరివి పెట్టాడట.

ఆ రోజు మన కంపెనీల విమానాలూ నిండే ఉన్నాయి. మన వాటా కూడా దాదాపు అయిపోయినట్టే. రద్దీ ఉందని మేడారం జాతరకు మీరు స్పెషల్ బస్సులు వేసినట్టు ఇంకో విమానం వేద్దామంటే, ఇటువాళ్లకూ అటువాళ్లకూ ఆ సీట్ల లెక్క గీసిన గీత అడ్డం. ఈ దేశంలో మనవాళ్లు 35 లక్షలకు పైనే ఉన్నారు. గీత గీసిన 2014లో ఇంతమంది లేరు.

నా అభిప్రాయం సూటిగా చెబుతా. అమెరికా ప్రయాణికుల్ని కాపాడుకోవడానికి కట్టిన కంచె గల్ఫ్ కూలీకి అడ్డం కాకూడదు. 50 వేల సీట్లు ఒక్కసారే ఇవ్వమని నేననను. ఏటా కొన్ని ఇవ్వాలి. జులై, ఆగస్టు, దసరా, సంక్రాంతి రోజులకు రెండు వైపులా అదనంగా ఇవ్వాలి. ఇచ్చే ప్రతి సీటుకూ బదులుగా దుబాయ్ ఎయిర్‌పోర్టులో మన విమానాలకు మంచి టైములు అడిగి తీసుకోవాలి. బేరమాడేవాళ్లు ఢిల్లీలో ఉన్నారు, చేతకానివాళ్లేం కాదు. ఇప్పుడు విమానయాన మంత్రి మన తెలుగువాడే, శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు. తెలుగువాడని మనకు ఎక్కువ చేయమని కాదు, వలస పోవడమంటే ఏమిటో ఆ జిల్లావాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

అందుకే జగిత్యాల, నిర్మల్, నిజామాబాద్ వాళ్లం కొంతమందిమి కలిసి ఆయనకు ఒక అర్జీ రాశాం. కన్నూరు అతను కూడా సంతకం పెడతానన్నాడు. కాపీ చెల్లె వాట్సాప్‌కు పంపుతున్నా. యూనియన్‌లో ఉన్నప్పుడు అర్జీలన్నీ నువ్వే రాసేవాడివి. ఒకసారి చదివి, ఎక్కడ మాట తేలిపోయిందో, ఎక్కడ ఎక్కువైందో గీతలు పెట్టి పంపు. మన కంపెనీల గురించి నువ్వన్నది రెండో పేజీలో పెట్టాను. అది చాలదనిపిస్తే ఇంకో నాలుగు మాటలు నువ్వే చేర్చు. శుక్రవారం అందరం కూర్చుని సంతకాలు పెడతాం, ఆలోపు అందేలా చూడు.

నీ పెద్దకొడుకు