'ఎంజాయ్ చేశాం' అంటే ఏం చేసినట్టు?

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవులు అయ్యాక ఏడో తరగతి పిల్లలను ఇంగ్లీషులో ఒక పేజీ రాయమన్నాం. సెలవులు ఎలా గడిచాయో చెప్పాలి, అంతే. నోట్‌బుక్కులు దిద్దుతుంటే ఒకటే వాక్యం మళ్ళీ మళ్ళీ ఎదురైంది: 'ఐ ఎంజాయ్‌డ్ ఎ లాట్.' అమ్మమ్మ ఊరికి పోయినవాళ్ళదీ అదే, వేములవాడ దర్శనానికి వెళ్ళినవాళ్ళదీ అదే, పది రోజులూ టీవీ ముందు కూర్చున్నవాళ్ళదీ అదే. ఒక్కడు మాత్రం 'ఐ ఎంజాయ్‌డ్ మై గ్రాండ్‌మదర్' అని రాశాడు. స్టాఫ్ రూమ్‌లో అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే, 'ఎ లాట్' రాసినవాళ్ళకంటే రూలు పాటించింది వాడే అనిపించింది.

ఇంగ్లీషులో ఎంజాయ్ అన్నాక దేన్ని అన్నది చెప్పాలి. భోజనాన్నా, సినిమానా, ఈతనా? ఏదీ చెప్పకపోతే 'మైసెల్ఫ్' అనో 'అవర్‌సెల్వ్స్' అనో అయినా తగిలించాలి. ఆ చోట మనవాడు నానమ్మను కూర్చోబెట్టాడు. మధ్యలో 'స్టేయింగ్ విత్' అని రెండు మాటలు పడి ఉంటే ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఇంకొకటి, ఎంజాయ్ తర్వాత పని పేరు వస్తే దానికి 'ఇంగ్' తోక ఉండాలి. 'ఎంజాయ్ టు స్విమ్' తప్పు, 'ఎంజాయ్ స్విమ్మింగ్' ఒప్పు. పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే.

తప్పు పిల్లలది కాదు. ఆ మాటను మనం తెలుగులోకి తెచ్చుకుని 'చేయు' తగిలించి వాడేసుకుంటున్నాం. 'మస్తు ఎంజాయ్ చేసినం' అంటే మాట పూర్తయినట్టే, ఏం చేశారని ఎవరూ అడగరు. అడగకపోతే పిల్లలు చెప్పరు. నాకు బాధ కలిగించేది గ్రామర్ కాదు, ఇది.

'ఐ ఎంజాయ్‌డ్ బతుకమ్మ' అని ఒకే ఒక్క వాక్యం రాసిన అమ్మాయిని ఇంటర్వెల్‌లో పిలిచి, ఏం చేశావమ్మా అని తెలుగులోనే అడిగాను. మొదట తల దించుకుంది. తర్వాత మొదలుపెట్టింది. తాతతో పొద్దున్నే చేను గట్లకు పోయి గునుగు కోసుకొచ్చారట. కట్టలు కట్టి, చివర్లు సమానంగా కత్తిరించి, బొక్కెనలో రంగు కలిపి ముంచారట. నీలం రంగు తానే కలుపుతానని పట్టుబట్టి రెండు చేతులూ మణికట్టు దాకా ముంచేసిందట. సద్దుల బతుకమ్మ నాడు చెరువు దగ్గర పెద్దత్త ఆ చేతులు చూసి, 'ఇదేందే, కృష్ణుని లెక్క అయినవ్' అందట. తెచ్చిన తంగేడు సరిపోక, చివరి వరుసకు పక్కింటివాళ్ళను అడుక్కున్నారట. బెల్ కొట్టినా అమ్మాయి ఆగలేదు. ఇంతా కడుపులో పెట్టుకుని పేజీ మీద మూడు మాటలు రాసి ఊరుకుంది.

ఎంజాయ్ ఇంగ్లీషుకు ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, దాని కడుపులో ఉన్నది 'జాయ్' అనే సంతోషమే. అయితే చాలాకాలంగా దానికి ఇంకో అర్థం కూడా ఉంది: ఒకటి మన దగ్గర ఉండటం, దాని వల్ల మనకు మేలు కలగటం. 'ఎంజాయ్స్ గుడ్ హెల్త్' అంటే ఆరోగ్యంతో గంతులేస్తున్నారని కాదు, ఆరోగ్యంగా ఉన్నారని. భూమి కాగితాలు చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. పాత పహాణీల్లో పట్టాదారు ఒక కాలమ్, అనుభవదారు ఇంకో కాలమ్. ఆ అనుభవాన్నే ఇంగ్లీషు దస్తావేజుల్లో 'ఎంజాయ్‌మెంట్' అంటారు. వాన పడని ఏడు కూడా కాగితం మీద అది ఎంజాయ్‌మెంటే! నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు టైఫాయిడ్‌తో మూడు వారాలు మంచం పట్టాను. తిరిగి వచ్చాక చూస్తే, ఒక ఆఫీసులో నా కాగితం మీద 'మెడికల్ లీవ్ ఎంజాయ్‌డ్' అని రాసి ఉంది. గంజి తాగుతూ ఎంజాయ్ చేశానన్నమాట.

మన 'అనుభవించు' ఇంకా లోతైనది. సుఖమూ అనుభవిస్తాం, కష్టమూ అనుభవిస్తాం. 'హాయిగా అనుభవించు నాయనా' దీవెన, 'అనుభవిస్తావురా' శాపం. ఇంగ్లీషు మాటకు ఈ రెండో ముఖం లేదు. అందుకే పిల్లలు డిక్షనరీలో అనుభవించు అని చూసి, 'హి ఎంజాయ్‌డ్ మెనీ ట్రబుల్స్' అని రాస్తారు. (తెలుగు నోట్‌బుక్కుల్లోనూ తక్కువేం కాదు. 'జాలీగా తిరిగాం' అనబోయి ఒకడు 'జాలిగా తిరిగాం' అని రాశాడు. దీర్ఘం పోతే జాలీ ట్రిప్పు కాస్తా ఏడుపు ట్రిప్పు అయింది.)

మనం ఇంట్లో ఈ మాటను ఎలా వాడుతున్నామో కూడా ఒకసారి చూసుకోండి. 'ఇప్పుడే ఎంజాయ్ చెయ్, టెన్త్‌కి వచ్చినంక తెలుస్తది' అని మీలో చాలామంది అంటారని పిల్లలే చెప్పారు. నేనూ మా అబ్బాయిని అన్నదాన్నే. 'ఫోన్ పట్టుకుని ఎంజాయ్ చేస్తున్నావ్' అన్నప్పుడు అది తిట్టు. అలా వింటూ పెరిగిన పిల్లకు ఎంజాయ్ అంటే చదువు ఎగ్గొట్టి చేసే పని అనే అనిపిస్తుంది. లెక్క కుదిరినప్పుడు కలిగే సంతోషానికి ఆ మాట వాడాలని తోచదు.

అందుకే ఒక చిన్న పని అడుగుతున్నాను. పిల్లలు ఎక్కడికైనా పోయి వచ్చి 'ఎంజాయ్ చేసినం' అంటే, 'దేన్ని?' అని అడగండి. ఇంగ్లీషులో అక్కర్లేదు, మీ మాటలోనే అడగండి. వంట చేస్తూ అడిగినా సరే. జవాబు వచ్చేదాకా కాస్త ఆగండి, వెంటనే హోమ్‌వర్క్ సంగతి ఎత్తకండి. ఇంట్లో తెలుగులో చెప్పగలిగినదాన్ని బడిలో ఇంగ్లీషులోకి తెచ్చే పని మాది.

ఏడో తరగతి వాళ్ళందరిచేతా ఆ పేజీ మళ్ళీ రాయించాం. ఈసారి 'ఎ లాట్' వాడకూడదని షరతు పెట్టాం. రాసినవి ఆఫీసు గది బయట బోర్డు మీద అంటించాం. స్పెల్లింగ్ తప్పులు కావాలనే దిద్దకుండా వదిలేశాం, చూసి కంగారు పడకండి. మూడో శనివారం పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు చదవండి. నీలం చేతుల అమ్మాయిది పై వరుసలో ఎడమ చివర ఉంటుంది. నానమ్మను ఎంజాయ్ చేసినవాడిది దాని కిందే.

మీటింగ్ పదింటికి మొదలవుతుంది. పొలం పనులున్నవాళ్ళు సాయంత్రం నాలుగు తర్వాత వచ్చినా ఉంటాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు