మొదటి క్లామ్ కొనేముందు

సిక్కోలు, విజయనగరంలో రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) ఉన్న మిత్రులందరికీ నమస్కారం. మొదటి క్లామ్ (రెండు చిప్పల గుల్లలో బతికే సముద్రజీవి) ఏది తేవాలని కొత్తవాళ్లు అడుగుతున్నారు. నా ఓటు డెరాసా అనే రకానికే. మాక్సిమా, క్రోసియా రకాలకు కావాల్సినంత వెలుగు దానికి అక్కర్లేదు. స్క్వమోసా రకం పెంచడం కూడా తేలికే, కానీ అదీ, మాక్సిమా కూడా మన వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. దయచేసి వాటి జోలికి పోవద్దు. డెరాసా అయినా ఫారంలో పెంచినదే, సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) కాగితాలు చూశాకే తీసుకోండి.

క్లామ్ తన గుల్ల కోసం నీళ్లలోని కాల్షియం బాగా లాగేస్తుంది. అది 400–450 పీపీఎం (పది లక్షల్లో వంతులు) ఉండాలి, కేహెచ్ (నీటి క్షారత కొలత) 8కి తగ్గకూడదు. ఇసుక మీదే పెట్టండి. పాదం రాయికి అంటుకుంటే లాగొద్దు, చిరిగితే బతకడం కష్టం. నీడ పడగానే మూసుకుంటే ఆరోగ్యంగా ఉన్నట్టే.

కళింగపట్నం ఒడ్డున ఏరిన బతికున్న గుల్లలు మాత్రం వేయకండి. డెరాసా లాంటి క్లామ్‌ల ఒంట్లో ఉండే, వెలుగుతో తిండి తయారుచేసే నాచు వాటి ఒంట్లో ఉండదు. ఆకలితో చచ్చిపోయి నీళ్లన్నీ పాడుచేస్తాయి.