ఆదివారం గీతా పారాయణం: మూడో అధ్యాయం

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం కర్మయోగం మొదలుపెడదాం. 43 శ్లోకాలు, ఒక్క పూటలో అవ్వవు కాబట్టి టెన్షన్ వద్దు. 16 దాకా చదువుకుని రండి చాలు.

12, 13 శ్లోకాల దగ్గర కాస్త ఆగండి. దేవతలు ఇచ్చింది వాళ్లకు తిరిగి పెట్టకుండా అనుభవించేవాడు దొంగే అంటాడు కృష్ణుడు. తన కోసమే వండుకునేవాళ్లు తినేది పాపాన్నేనట! ఇంత నిర్మొహమాటంగా గీతలో చాలా తక్కువచోట్ల మాట్లాడాడనిపిస్తుంది నాకు.

జనకుడి ప్రస్తావన 20లో వస్తుంది, అది వచ్చే వారం. 22 మాత్రం ముందే చూసుకోండి: మూడు లోకాల్లోనూ తనకు చేయాల్సిన పనేదీ లేదు, అయినా చేస్తూనే ఉన్నానంటాడు. అదీ సారథిగా, గుర్రాల పగ్గాలు పట్టుకుని.