ఫిగర్ ఎయిట్ పూల్స్ బాట మూయకండి, మాకు అర్థమయ్యేలా చెప్పండి
న్యూ సౌత్ వేల్స్ పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

రాయల్ నేషనల్ పార్క్‌లో బర్నింగ్ పామ్స్ బీచ్‌కీ, అక్కడి నుంచి ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న నీటి గుంటల దగ్గరికీ, అంటే ఫిగర్ ఎయిట్ పూల్స్‌కీ వెళ్ళే కాలిబాట గురించి ఈ లేఖ. ఇంగ్లీషు ప్రతి మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. తెలుగులో రాయడానికి కారణం ఉంది. ఆ బాట మీద ఇప్పుడు మా పిల్లలు చాలామంది నడుస్తున్నారు. వాళ్ళూ చదవాలి, ఊళ్ళో ఉన్న వాళ్ళ అమ్మానాన్నలూ చదవాలి.

అక్కడ అలల వల్ల ప్రమాదం జరిగినప్పుడల్లా దారి మూసేయమనే మాట వస్తుంది. నేను ముఖ్యంగా అడిగేది ఒక్కటే. బాట మూయకండి. ఈ రోజు సముద్రం ఎలా ఉందో బాట మొదట్లోనే, నడవబోయేవాళ్ళకు అర్థమయ్యే మాటల్లో, వాళ్ళ భాషలో చెప్పించండి.

మీకు తెలిసిన చోటే అయినా, తెలుగు పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. సిడ్నీ నగరానికి దక్షిణంగా 30 కిలోమీటర్లు దాటితే ఈ పార్క్ వస్తుంది. 1879లో ఏర్పడింది. అమెరికాలోని ఎల్లోస్టోన్ తర్వాత ప్రపంచంలో అంత పాత నేషనల్ పార్క్ ఇదే. అంతకు వేల ఏళ్ళ ముందు నుంచీ ఇది ధరవాల్ అనే ఆదివాసీ ప్రజల నేల. వాళ్ళు తిని పారేసిన ఆల్చిప్పల గుట్టలు ఈ తీరంలో ఇప్పటికీ ఉన్నాయి. ఉత్తరాన బండీనా నుంచి దక్షిణాన ఆట్‌ఫర్డ్ దాకా సముద్రం అంచునే 26 కిలోమీటర్ల బాట ఉంది. మావాళ్ళు అంత దూరం నడవరు. కారు ఉన్నవాళ్ళు గారావారా ఫార్మ్ దగ్గర ఆపి కొండ దిగుతారు. కారు లేని విద్యార్థులు రైల్లో ఆట్‌ఫర్డ్‌లో దిగి అడవిలోంచి నడుచుకుంటూ వస్తారు.

ఆ నడక ఎంత బాగుంటుందో చెప్పకపోతే ఈ లేఖకు అర్థం లేదు. పైన గాలికి వంకర్లు తిరిగిన ఆంగోఫోరా చెట్లు, ఎర్రగా, నున్నగా ఉంటాయి. వసంతంలో గైమియా లిలీ మనిషికి రెండింతల ఎత్తు కాడ వేసి, దాని కొసన ఎర్రటి పువ్వు పూస్తుంది. ఆట్‌ఫర్డ్ వైపు నుంచి వస్తే పామ్ జంగిల్ అనే చోట ఎండ నేలకు తగలదు. తాటాకుల్లాంటి ఆకులున్న పొడుగాటి చెట్ల కింద నేలంతా తడిగా ఉంటుంది. అది దాటి బయటికి రాగానే పచ్చటి గడ్డి వాలు, దాని కింద సముద్రం, వాలు మీద చిన్న చిన్న రేకుల గుడిసెలు. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో గని కార్మికులూ వాళ్ళ కుటుంబాలూ కట్టుకున్నవి వాటిలో ఉన్నాయి. మే నుంచి నవంబరు దాకా తిమింగలాలు ఈ తీరం వెంటే పోతుంటాయి. వారమంతా కాలేజీ, రాత్రుళ్ళు గోదాముల్లోనో పెట్రోల్ బంకుల్లోనో పని, మధ్యలో ఒక్క రోజు సెలవు. అలాంటి పిల్లవాడికి ఆ వాలు మీద కూర్చుని గాలి పీల్చుకునే హక్కు ఉంది. ఆ నడకకు పెద్ద ఖర్చు లేదు, ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. ఈ దేశం మా పిల్లలకు ఇచ్చినవాటిలో నేను చాలా పెద్దగా లెక్కపెట్టేది ఇదే.

ఇంకో సంగతి మీ అధికారులకు తెలుసో లేదో. పార్క్ పక్కనే హెలెన్స్‌బర్గ్‌లో శ్రీ వేంకటేశ్వరాలయం ఉంది. 1985లో కుంభాభిషేకం జరిగింది. సిడ్నీలో దిగిన తెలుగువాళ్ళలో ఆ గుడికి వెళ్ళనివాళ్ళు అరుదు. దర్శనం, క్యాంటీన్‌లో దోసె, తర్వాత స్టాన్‌వెల్ పార్క్ కొండ మీద ఫొటోలు, ఇంకా పొద్దుంటే ‘ఎనిమిది ఆకారంలో ఉన్న గుంటలు చూసొద్దాం’ అంటారు. ఫోన్లో ఎవరో పెట్టిన బొమ్మ చూసి ఉంటారు. పట్టు చీరలో ఉన్న అమ్మమ్మ, చెప్పులేసుకున్న నాన్న, చంకలో పాపతో అల్లుడు ఆ కొండ దిగడం నేను కళ్ళారా చూశాను. దేవుడి దగ్గరికి బయల్దేరిన కుటుంబాలు అవి. ఎండకు టోపీ తెచ్చుకున్నవాళ్ళు ఉంటారు గానీ, సముద్రం కోసం సిద్ధపడి వచ్చినవాళ్ళు ఉండరు.

బీచ్ దాకా దిగడం కష్టమే గానీ, అక్కడిదాకా ఫరవాలేదు. భయం ఆ తర్వాతే. బీచ్ దక్షిణపు కొసన గుండ్రాళ్ళ మీద పాకుతూ ముందుకు పోతే చదునైన రాతి బండ వస్తుంది. రాళ్ళు నీళ్ళలో తిరిగి తిరిగి ఆ బండకు గుంటలు తొలిచాయి. వాటిలో రెండు కలిసిపోయి ఎనిమిది అంకెలా కనిపిస్తాయి. ఆ బండ సముద్రానిదే. ఆటు సమయంలో కాసేపు బయట పడుతుంది. ఎక్కడో దక్షిణ సముద్రంలో తుఫాను లేస్తే దాని ఉబ్బు (ఇక్కడ స్వెల్ అంటారు) వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి ఈ ఒడ్డుకు చేరుతుంది. అప్పుడు ఇక్కడ ఆకాశం నీలంగా ఉంటుంది, గాలి ఉండదు. నిమిషాల తరబడి బండ అంచుకు నీళ్ళు మెల్లగా తాకుతుంటాయి. ఆ తర్వాత వరసగా రెండు మూడు పెద్ద అలలు బండ మీదికి ఎక్కి, గుంటల్లో ఉన్నవాళ్ళను ఎత్తి రాళ్ళ మీద ఈడుస్తాయి. మునిగిపోవడం కన్నా ముందే ఒళ్ళు చీరుకుపోతుంది, ఎముకలు విరుగుతాయి.

2016 జనవరిలో ఇదే జరిగింది. పదుల మంది దెబ్బలు తిన్నారు, కొందరిని హెలికాప్టర్లో తీసుకుపోవలసి వచ్చింది. అక్కడికి అంబులెన్సు రాదు, ఫోన్ సిగ్నల్ సరిగా అందదు. ఆ తర్వాత మీ నేషనల్ పార్క్స్ శాఖ ఒక మంచి పని చేసింది. ఆ గుంటల దగ్గర అలల ప్రమాదం ఏ రోజు ఎంత ఉంటుందో ముందే అంచనా వేసి తన వెబ్‌సైట్‌లో పెడుతోంది. ఒక్క చోటు కోసం అంత శ్రద్ధ తీసుకున్న శాఖకు నేను మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెబుతున్నాను.

కానీ చూడాలని తెలిసినవాడే ఆ వెబ్‌సైట్ చూస్తాడు. గుడి నుంచి నేరుగా వచ్చిన కుటుంబానికి అలాంటిది ఒకటుందని చెప్పేవాళ్ళెవరు? కిందికి దిగాక చూద్దామన్నా సిగ్నల్ దొరకడం కష్టం.

ప్రమాదం జరిగినప్పుడల్లా ‘ఆ దారి మూసేస్తే పోలా’ అనే మాట వినిపిస్తుంది. మావాళ్ళలోనూ అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఇదే పార్క్ ఉత్తరపు కొసన వెడ్డింగ్ కేక్ రాక్ ఉంది. కింద నేల లేకుండా గాలిలోకి పొడుచుకొచ్చిన తెల్లటి రాయి. కూలిపోయే ప్రమాదం ఉందని 2015లో దాని చుట్టూ కంచె వేశారు. ఫొటో కోసం కంచె దూకేవాళ్ళు ఆగలేదు. ఇక్కడ కంచె వేస్తే నడిచేవాళ్ళు ఇంకో చోటు నుంచి, ఇంకా అడ్డదారిలో దిగుతారు. మంచి బాట పోయి, చెడ్డ బాట పుడుతుంది.

‘చదువుకోడానికి వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు రాదా?’ అని మీరు అడగవచ్చు. వస్తుంది, పరీక్ష రాసే వచ్చారు. వాళ్ళకు తెలియనిది ఈ సముద్రం. కరీంనగర్‌లోనో కర్నూలులోనో పెరిగిన పిల్లవాడికి బావి తెలుసు, చెరువు తెలుసు, కాలవ తెలుసు. ‘స్వెల్ రెండు మీటర్లు’ అని రాసి ఉంటే చదవగలడు. అది తనను ఏం చేస్తుందో ఊహించలేడు. విశాఖలోనో చీరాలలోనో పెరిగినవాళ్ళకూ ఇసుక ఒడ్డే అలవాటు. అక్కడా సముద్రం మనుషుల్ని తీసుకుపోతూనే ఉంది గానీ, అల వచ్చి రాతికేసి కొట్టడం వాళ్ళు ఎరగరు. పైగా ఆ గుంపులో ఇంగ్లీషు రానివాళ్ళు కూడా ఉంటారు. కూతురికి పురుడు పోయడానికి వచ్చిన అమ్మ, కొడుకు పట్టా పుచ్చుకుంటే చూడాలని వచ్చిన నాన్న. ‘ఒద్దురా, ఆగండి’ అని గట్టిగా చెబితే కుర్రాళ్ళు వినేది ఆ పెద్దవాళ్ళ మాటే. బోర్డు వాళ్ళకు అర్థమైతే సగం పని అయినట్టే.

2024 జనవరిలో విక్టోరియాలోని ఫిలిప్ ఐలాండ్‌లో లైఫ్‌గార్డులు లేని ఒక బీచ్‌లో భారతీయ కుటుంబాలకు చెందిన నలుగురు మునిగి చనిపోయారు. అదే ఏడాది జులైలో క్వీన్స్‌ల్యాండ్‌లోని మిల్లా మిల్లా జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు కుర్రాళ్ళు పోయారు. ఈ రెండూ మీ రాష్ట్రంలో జరగలేదు, మీ శాఖకు సంబంధించినవీ కావు. కానీ అలాంటి శవపేటిక ఊరికి చేరిన రోజున అక్కడ ఎవరూ ఇది ఏ రాష్ట్రం అని అడగరు. అప్పుచేసి, పొలం తాకట్టు పెట్టి పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు మాలో ఉన్నారు. మళ్ళీ ఇంకో ఇంటికి అలాంటి పెట్టె వెళ్ళకూడదని ఈ లేఖ.

గారావారా ఫార్మ్ కార్ పార్క్‌లోనూ, ఆట్‌ఫర్డ్‌లో బాట మొదలయ్యే చోటా ఆ రోజు ప్రమాదం ఎంతో రంగులతో చూపే పెద్ద బోర్డు ఉండాలి. ఆటు ఎన్నింటికి, పోటు ఎన్నింటికి అనేది పక్కనే రాయాలి. రోజూ మార్చాలి. దాని కింద తెలుగుతో పాటు హిందీ, పంజాబీ, తమిళం, నేపాలీ, చైనీస్, అరబిక్‌లో నాలుగు మాటలు ఉండాలి. బోర్డు మీద ఉన్న ఇంగ్లీషును పదానికి పదం మార్చి ఇస్తే మాకు పనికిరాదు. తెలుగులో అయితే నేను ఇలా రాస్తాను:

‘మీరు చూడబోయే బండ సముద్రంలోని భాగం. ఆటు ఉన్నప్పుడే, అలలు చిన్నగా ఉన్నప్పుడే వెళ్ళండి. రెండిట్లో ఏది లేకపోయినా బీచ్ దగ్గరే ఆగిపోండి. బండ తడిగా ఉందంటే ఇందాక అల దాని మీదికి వచ్చిందని అర్థం. ముందు ఎత్తయిన చోట నిలబడి సముద్రాన్ని చాలాసేపు గమనించండి. సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగకండి. ఎవరినైనా అల లాగేస్తే కాపాడాలని మీరు దూకకండి, తేలే వస్తువు విసరండి. నీళ్ళలో పడినవాళ్ళు బండ వైపు ఈదకూడదు, దూరంగా జరిగి తేలుతూ చెయ్యెత్తి ఊపాలి. 000కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే ఒకరు పైకి వెళ్ళి చేయండి.’

ఇది కొత్త కోరిక కాదు. రాళ్ళ మీద నిలబడి చేపలు పట్టేవాళ్ళు చనిపోతున్నారని మీ రాష్ట్రం 2016లో చట్టం తెచ్చింది, కొన్ని చోట్ల లైఫ్ జాకెట్ తప్పనిసరి చేసింది, జాగ్రత్తలను చైనీస్, వియత్నామీస్, కొరియన్ భాషల్లో అచ్చు వేసింది. ఎవరు రాళ్ళ మీదికి వెళ్తున్నారో చూసి, వాళ్ళ భాషలో మాట్లాడారు. కోవిడ్ రోజుల్లో మాకు తెలుగులో సమాచారం అందింది. దుభాషీలకూ అనువాదకులకూ గుర్తింపు ఇచ్చే నాటీ సంస్థ పరీక్షల్లో తెలుగు ఉంది. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు దాదాపు 60 వేలు. ఆ తర్వాత ఇంకా చాలామంది వచ్చారు. అనువాదకులకు కొరత లేదు.

రెండో కోరిక చిన్నది. హెలెన్స్‌బర్గ్ గుడి నిర్వాహకులతో మీ రేంజర్లు ఒకసారి కూర్చుని మాట్లాడాలి. చెప్పుల స్టాండు దగ్గరా, క్యాంటీన్ దగ్గరా ఆ రోజు అలల ప్రమాదం ఎంతో చూపే తెర గానీ, కనీసం సుద్దతో రాసే పలక గానీ పెట్టడానికి గుడివాళ్ళు అడ్డు చెబుతారని నేను అనుకోను. అక్కడ అయితే ఫోన్ కూడా పనిచేస్తుంది. కొండ దిగాక వెనక్కి తిరగమంటే ఎవరూ వినరు. దోసె తింటున్నప్పుడు ‘ఈ రోజు వద్దు’ అని తెలిస్తే కారు ఇంకో వైపు తిప్పుతారు.

కాలేజీలు కొత్త విద్యార్థులకు పెట్టే పరిచయ సభల్లో బీచ్ జెండాల గురించి చెబుతారు. ఎరుపు, పసుపు జెండాల మధ్యే ఈదాలని మా పిల్లలకు ఇప్పుడు బాగానే తెలుసు. బర్నింగ్ పామ్స్‌లో సర్ఫ్ క్లబ్ స్వచ్ఛంద సేవకులు వేసవిలో కాపలా కాస్తారు, వాళ్ళకు దండం పెట్టాలి. కానీ గుంటలున్న బండ దగ్గర జెండాలు లేవు, ఉండవు. జెండాలు లేని చోట ఎలా మసలుకోవాలో కూడా ఆ సభల్లో చెప్పించమని విద్యాశాఖ మంత్రికి మీరు ఒక మాట రాయగలరా?

నవంబరు చివరికి కాలేజీలు మూస్తారు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ బాట నిండిపోతుంది. బోర్డులు అంతకు ముందే పడాలి. తెలుగు పాఠం నేను ఉచితంగా రాసిస్తాను. సరిచూడటానికి నాటీ గుర్తింపు ఉన్న అనువాదకులను మీ శాఖే ఎంచుకోవచ్చు. మీ అధికారులు ఎవరైనా ఒక ఆదివారం వస్తే హెలెన్స్‌బర్గ్ గుడి దగ్గర కలిసి, అక్కడి నుంచి బండ దాకా వాళ్ళతో నడవడానికి నేను సిద్ధం. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
పశ్చిమ సిడ్నీ నుంచి ఒక తెలుగువాడు