సంతకం అసలుదో కాదో చూసుకోనివ్వకుండా అమ్మడంపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: 1930ల హాలీవుడ్ తార జీన్ హార్లో సంతకం ఉన్న ఫొటోకు కట్టిన అడ్వాన్సు వాపసు, లిస్టింగ్‌లో మార్పుల గురించి

అయ్యా/అమ్మా,

మీ సైట్‌లో అమ్మకానికి పెట్టిన జీన్ హార్లో ఫొటోకు గత నెల అడ్వాన్సు కట్టాను. మిగతా డబ్బు కట్టేలోపు సంతకం అసలుదో కాదో చూసుకుందామని కొన్ని వివరాలు అడిగాను. వాటిలో ఒక్కటీ ఇవ్వలేదు సరికదా, లిస్టింగ్ కింద నేను పెట్టిన ప్రశ్నను కూడా తీసేశారు. "మా నిపుణులు ధ్రువీకరించారు, బుకింగ్ తర్వాత అడ్వాన్సు వాపసు ఉండదు" అని ఒక మెయిల్ పడేసి చేతులు దులుపుకున్నారు.

ఆ ఫొటో 1930ల్లో ఎంజీఎం స్టూడియో నుంచి ఒక అభిమానికి పోస్టులో వచ్చిందని, కాబట్టి నూటికి నూరు పాళ్లు అసలైనదని మీరు రాశారు. పాత హాలీవుడ్ సంతకాలు సేకరించే ఎవరికైనా సరిగ్గా అక్కడే అనుమానం మొదలవుతుంది. హార్లో పేరిట అభిమానులకు వెళ్లిన ఫొటోల్లో చాలావాటి మీద సంతకం పెట్టింది ఆమె తల్లి. అప్పట్లో పెద్ద తారలకు ఉత్తరాలు కుప్పలు తెప్పలుగా వచ్చేవి. సెక్రటరీలో, ఇంట్లోవాళ్లో, స్టూడియో సిబ్బందో సంతకం చేసి పంపేవారు, కొన్నింటి మీద రబ్బరు స్టాంపు వేసేవారు. అందుకు అప్పటివాళ్లను నేను తప్పుపట్టను. అదే ఫొటోను ఇవాళ తార స్వయంగా సంతకం చేసిందని చెప్పి ఆ ధరకు అమ్మడమే తప్పు. తల్లి సంతకమైతే అలాగే రాసి అమ్మండి, దానికీ కొనేవాళ్లు ఉంటారు. హార్లో 1937 జూన్‌లో, 26 ఏళ్లకే చనిపోయారు. ఆమె సొంత సంతకాలు కావాలంటే ఒప్పంద పత్రాలు, చెక్కుల లాంటివి పక్కన పెట్టుకుని పోల్చాలి. మీవాళ్లు దేనితో పోల్చారని అడిగితే జవాబు లేదు.

ఇక స్కాన్ సంగతి. మీరు పెట్టినది ఎంత చిన్నదంటే, కాస్త పెద్దది చేయగానే గీతలు గళ్లుగళ్లుగా విడిపోతున్నాయి. అంతలోనూ నాకు ఒకటి కనిపించింది: ఇంటిపేరు మొదటి అక్షరంలో గీత మధ్యలో ఆగి మళ్లీ బయల్దేరినట్టు ఒక చిన్న మచ్చ. సొంత సంతకం చేసే చెయ్యి ఆగదు, కలం వేగంగా పోతుంది, గీత చివర సన్నబడి తేలిపోతుంది. చూసి దించే చెయ్యి నెమ్మదిస్తుంది, వణుకుతుంది, అక్షరం మధ్యలో ఆగుతుంది, గీత చివర మొద్దుగా మిగులుతుంది. నేను చూసింది అలాంటి ఆగుడా, స్కాన్‌లో లోపమా? పెద్ద స్కాన్ ఇస్తే అప్పుడే తేలిపోయేది. ఫొటోను వెలుతురుకు ఏటవాలుగా పెట్టి ఒక ఫొటో తీయమన్నాను. కలంతో రాసిన సిరా అయితే దాని మెరుపు విడిగా కనిపించే అవకాశం ఉంది, సంతకంతో సహా అచ్చువేసిన ఫొటో అయితే అంతా ఒకే నునుపుగా ఉంటుంది. వెనకవైపు యూవీ లైటు కింద కూడా చూపించమన్నాను. కాగితాన్ని తెల్లగా కనిపించేలా చేసే రసాయనాలు 1930ల ఫొటో కాగితంలో ఉండవు. అవి ఉంటే యూవీ కింద కాగితం నీలంగా వెలుగుతుంది. అలా వెలిగిందంటే ఫొటో ఆ కాలంది కాదు, ఇక మాట్లాడుకోవాల్సింది ఏమీ ఉండదు. వీటిలో ఏదీ ఫొటోను పాడుచేసేది కాదు.

బదులుగా మీరు పంపింది సర్టిఫికెట్. దాని మీద హోలోగ్రామ్ ఉంది, నంబరు ఉంది. పరీక్షించినవారి పేరు లేదు, ఎందుకు అసలుదన్నారో లేదు, పైగా ఇచ్చింది మీ సంస్థే. 1990ల్లో ఎఫ్‌బీఐ జరిపిన ఆపరేషన్ బుల్‌పెన్‌లో పట్టుబడిన నకిలీ సంతకాలతో పాటు కూడా సర్టిఫికెట్లు వచ్చేవి.

మీ నిపుణుల మీద ఉన్న కాస్త నమ్మకం కూడా మీ సైట్‌లోని మరో లిస్టింగ్‌తో పోయింది. "షార్పీ మార్కర్‌తో సంతకం చేసిన మార్లిన్ మన్రో ఫొటో" అని పెట్టారు. మన్రో 1962 ఆగస్టులో మరణించారు. షార్పీ మార్కర్ మార్కెట్‌లోకి వచ్చింది 1964లో. ఈ రెండు సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు మీ సంస్థలో ఒక్కరూ లేరా? అభిమానంతో, కూడబెట్టుకున్న డబ్బుతో ఎవరో ఒకరు దాన్ని కొనేస్తారని నాకు నిజంగా భయంగా ఉంది.

నా అడ్వాన్సు మొత్తం, కట్టిన కార్డుకే వాపసు చేయండి. హార్లో లిస్టింగ్‌లో "నూటికి నూరు పాళ్లు" అన్న మాట తీసి, పెద్ద స్కాన్, వెనకవైపు ఫొటో, పరీక్షించినవారి పేరు పెట్టండి. మన్రో ఫొటోను వెంటనే అమ్మకం నుంచి తీసేయండి, ఇప్పటికే ఎవరైనా కొని ఉంటే వాళ్లకు విషయం చెప్పి డబ్బు తిరిగివ్వండి. తీసేసిన నా ప్రశ్నను మళ్లీ పెట్టండి, తర్వాత చూసేవాళ్లకు అది పనికొస్తుంది. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే కార్డు ఇచ్చిన బ్యాంకులో డిస్ప్యూట్ వేసి, మన మధ్య నడిచిన మెయిళ్లన్నీ జతచేసి వినియోగదారుల కోర్టుకు వెళ్తాను. లిస్టింగ్‌ల స్క్రీన్‌షాట్లు ఈ లేఖతో పంపుతున్నాను.

ఇట్లు,
మీ కస్టమర్