మాల్దీవుల ట్రిప్: ఆదివారం రాత్రిలోగా అందరూ జవాబివ్వండి

అందరికీ నమస్కారం. ఏ నెలలో వెళ్దామన్న ప్రశ్నకు ఫిబ్రవరికే ఎక్కువ ఓట్లు పడ్డాయి. చాలా సంతోషం, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ వానలు తక్కువ.

విమానంలో కూర్చునేది కాసేపే. అసలు తేల్చుకోవాల్సింది మాలేలో దిగాక రిసార్టుకు ఎలా చేరాలన్నది. దగ్గరి దీవులకు స్పీడ్‌బోటు, దూరమైతే సీప్లేన్ (నీళ్ల మీద దిగే చిన్న విమానం). సీప్లేన్లు పగలే ఎగురుతాయి. పొద్దుపోయాక దిగితే ఆ రాత్రికి వేరే గది తీసుకోవాల్సిందే. పైగా సీప్లేన్ చార్జీ చాలా రిసార్టుల్లో గది అద్దెలో కలిసి ఉండదు. అందుకే నా ఓటు స్పీడ్‌బోటు దీవికి. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబాలు ముందు చెప్పండి, మీ వీలే ముఖ్యం.

ఆదివారంలోగా:
• ఎంతమంది, ఎన్ని గదులు
• బోటా, సీప్లేనా
• పాస్‌పోర్టు ఫొటో నాకు విడిగా పంపండి, గ్రూపులో పెట్టకండి

టూరిస్ట్ వీసా దిగాక 30 రోజులకు ఉచితంగా ఇస్తారు. అయితే ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు మాల్దీవుల ఇమిగ్రేషన్ వాళ్ల ఇముగా (IMUGA) పోర్టల్‌లో ఎవరి ప్రయాణ డిక్లరేషన్ వారు నింపాలి, తిరిగి వచ్చేటప్పుడూ అంతే. అది కూడా ఉచితమే, డబ్బులడిగే సైట్ల జోలికి పోకండి.

మద్యం, ఈ-సిగరెట్లు బ్యాగుల్లో వద్దు, అక్కడికి తీసుకెళ్లడం నిషిద్ధం. నీళ్లలో దిగినప్పుడు పగడాల మీద కాలు పెట్టకుండా పిల్లలకు ఇప్పటినుంచే చెప్పండి.

సోమవారం గదులు బుక్ చేస్తాను. రాలేనివాళ్లు కూడా ఒక్క మాట రాయండి, లెక్క తేలుతుంది.