అద్దె ఇంటికి ఇన్ని పరీక్షలా?

సంపాదకులు గారికి,

పట్నాల్లో కులం ఎవరు చూస్తున్నారండీ, ఎవరి బతుకు వాళ్లదే అనే మాట మా గుంటూరులోనూ బాగానే వినపడుతుంది. అలా అనేవాళ్లని ఒక్కసారి అద్దె ఇల్లు వెతికి చూడమనండి, అదీ తమ పేరుతో కాదు, మా కొలీగ్ పేరుతో.

ఆమె మా ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. భర్త చనిపోయారు, ఎనిమిదో తరగతి చదివే కూతురుంది. క్రిస్టియన్. సొంతూరు పల్నాడు వైపు, అక్కడి ఎస్సీ కాలనీ. జీతం నెలనెలా పడుతుంది, ఒక్క నెల కూడా అద్దె ఆపిన మనిషి కాదు. ఈ వేసవిలో ఇల్లు మారాల్సి వస్తే తోడుగా నేనూ తిరిగాను కాబట్టి ఎవరేం అడుగుతారో నా చెవులతో విన్నాను. ఫోన్లో మొదటి ప్రశ్న ‘ఫ్యామిలీయేనా?’ గేటు దగ్గరికి వెళ్లాక ‘మీవారేం చేస్తుంటారు?’ లేరని చెప్పగానే గొంతు మారిపోతుంది, ‘మగదిక్కు లేకుండానా, పైగా నైట్ డ్యూటీలు కూడానా’ అంటారు. అది దాటితే ఇంటిపేరు. ఇంటిపేరుతో తేలకపోతే ఇక మొహమాటం లేకుండా ‘మీరేవిట్లు?’ అనే. మెడలో చిన్న సిలువ చూసిన ఒకావిడ ‘ఇంట్లో ప్రార్థనలవీ పెడతారా, పాటలు పాడితే పైవాళ్లు ఊరుకోరమ్మా’ అంది. ఒకచోట అన్నీ కుదిరాయి, అడ్వాన్సు ఫోన్‌పే చేశాం, సాయంత్రానికల్లా ఆ డబ్బులు వెనక్కి వచ్చేశాయి, కింద ‘మా తమ్ముడు వాళ్లు దిగుతున్నారు, ఏమనుకోవద్దు’ అని మెసేజ్. ఆ ఇంటికి టు-లెట్ బోర్డు ఆ తర్వాత కూడా అలాగే ఉంది, ఏ తమ్ముడూ దిగలేదు.

ఇందులో నన్ను బాగా కుదిపేసింది ఏంటంటే, ఫలానా కారణంతో ఇవ్వం అని ఒక్కరూ అనలేదు. కులం అడ్డమైతే ‘మేం వెజిటేరియన్సండీ’ అంటారు, మతం అడ్డమైతే పక్కింటివాళ్ల మీదకి నెడతారు, ఒంటరి ఆడదని ఇవ్వకపోతే ‘మీ సేఫ్టీ కోసమే చెప్తున్నా తల్లీ’ అంటారు. ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. ఇంక ఆమె ఎవరి మీద, ఏమని ఫిర్యాదు చేయాలి?

చట్టం వైపు చూస్తే చిక్కు ఇంకా ఎక్కువ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులు తప్ప మిగతా మతాలవాళ్లు ఎస్సీలు కారు (సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చారు). క్రైస్తవంలోకి వెళ్లిన మాల మాదిగలు మన దగ్గర బీసీ-సీ, అంటే వెనకబడిన తరగతుల్లో ఒక గ్రూపు. కులం పేరుతో తిట్టారని ఒక పాస్టర్ పెట్టిన కేసులో, మతం మారినవాళ్లకి ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం వర్తించదని 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా చెప్పింది. ఉన్న ఉత్తర్వును బట్టి కోర్టు చెప్పింది, సరే. ఆ ఉత్తర్వు ఇంటి ఓనర్లకి ఎవరు చదివి వినిపించారు? కాగితం మీద ఎస్సీ కాని మనిషి గేటు దగ్గర ఎస్సీయే, దానికి తోడు క్రిస్టియన్, దానికి తోడు భర్త లేని మనిషి. చర్చిల్లోనైనా ఇది పోయిందా అంటే అదీ లేదు, మాలలకొకటి మాదిగలకొకటి కట్టుకున్న ఊళ్లు మన జిల్లాల్లో ఉన్నాయి. మతం మారిన దళితుల హోదా సంగతి చూడమని కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది, ఆ కమిషన్ ముందు ఇలాంటి ఇళ్ల వేటల గురించి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండు.

ముస్లింల పరిస్థితి వేరే చెప్పాలా. ఇళ్లు దొరక్క ఒకే చోట గుమిగూడాల్సి వస్తోందని ముస్లింల స్థితిగతులు చూడమని కేంద్రం వేసిన సచార్ కమిటీ 2006లోనే రాసింది. మా ల్యాబ్‌లో చేసే ముస్లిం అబ్బాయి, తనవాళ్లు ఎక్కువగా ఉండే ఆనందపేట దాటి ఇల్లు వెతకనే వెతకడు. ‘ఎందుకు మేడం టెన్షన్, అడిగి లేదనిపించుకోవడం’ అంటాడు. పాతికేళ్లు కూడా లేవు, ఊళ్లో ఏ వీధులు తనవి కావో అప్పుడే లెక్క వేసేసుకున్నాడు.

దేశంలో 15 లక్షల పేటల వివరాలు తీసి ఆర్థికవేత్తలు చేసిన ఒక అధ్యయనం 2023లో వచ్చింది. ముస్లింలలో 26 శాతం మంది, 80 శాతానికి పైగా ముస్లింలే ఉండే పేటల్లో బతుకుతున్నారట. ఎస్సీలలో 17 శాతం మంది అలాగే ఎస్సీ పేటల్లో. అలాంటి పేటల్లో హైస్కూళ్లు, ఆస్పత్రులు, నీళ్లు, డ్రైనేజీ అన్నీ తక్కువేనని కూడా అందులో తేలింది. అందుకే ఇది అద్దెతో ఆగే గొడవ కాదంటున్నాను. మా కొలీగ్‌కి చివరికి ఇల్లు దొరికింది, ఎక్కడనుకున్నారు, వాళ్లవాళ్లే ఉండే ఊరి చివరి పేటలో. డ్యూటీకి రెండు ఆటోలు మారాలి. రాత్రి షిఫ్టు అయితే ఆ దారిలో రావడానికి ఆటోవాళ్లే ఒప్పుకోరు. పిల్లని పాత స్కూలు మాన్పించి అక్కడి స్కూల్లో వేసింది, ఇప్పుడు ఆ అమ్మాయి క్లాసులో, వీధిలో, ఆదివారం చర్చిలో కనిపించేది ఒకే రకం పిల్లలు. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లలో పేద పిల్లలకి 25 శాతం సీట్లు మన రాష్ట్రంలో 2022-23 నుంచి ఇస్తున్నారు, కానీ దానికీ ఇంటికి దగ్గర్లోని స్కూలే లెక్క. ఇల్లే అక్కడికి నెట్టేశాక దగ్గర్లో ఏముంటుంది? గురుకులాలు ఎంతోమంది పేద పిల్లల్ని నిలబెట్టాయి, వాటి మీద నాకు చాలా గౌరవం, కానీ అవి కూడా ఎస్సీలకొకటి, బీసీలకొకటిగానే ఉన్నాయి కదా. చదువుకునే వయసులో కలవని పిల్లలు ఓనర్లూ అద్దెవాళ్లూ అయ్యాక ఏం కలుస్తారు.

రాజ్యాంగంలోని 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల దగ్గర కులం మతం చూసి ఎవర్నీ ఆపకూడదంటుంది, అద్దె ఇంటి మాట అందులో లేదు. 2021లో కేంద్రం రాష్ట్రాలకి పంపిన నమూనా అద్దె చట్టంలో ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకి మించకూడదని రాశారు, పేరు చూసి తలుపు వేసేవాళ్ల గురించి ఒక్క ముక్క రాయలేదు. అమెరికాలో సియాటిల్ నగరం 2023లోనే కుల వివక్షని నిషేధించింది, అక్కడి మనవాళ్లకి ఆ రక్షణ ఉంది, ఇక్కడి నర్సుకి లేదు. రాష్ట్ర ప్రభుత్వం అద్దె ఇళ్లలో కులం, మతం, ఒంటరి ఆడవాళ్లన్న వివక్ష మూడింటినీ కలిపి ఒకే చట్టంలో నిషేధించాలి. విడివిడిగా చేస్తే ఓనర్లు ఒకదాని నుంచి ఇంకోదానిలోకి దూరిపోతారు.

ఇక మీకో విన్నపం. చాలా పత్రికల క్లాసిఫైడ్స్‌లో ‘శాకాహారులకు మాత్రమే’, ‘ఫలానా వర్గం వారికి ప్రాధాన్యం’ అంటూ ఇళ్ల ప్రకటనలు వస్తూనే ఉంటాయి. మీ పత్రిక అలాంటివి తీసుకోవడం మానేస్తుందా? అలాగే మీ విలేకరి ఒకరిని ఒకే టు-లెట్ నంబరుకి నాలుగు వేర్వేరు పేర్లతో ఫోన్ చేయమనండి, వచ్చిన జవాబులు ఉన్నవి ఉన్నట్టు అచ్చు వేయండి.

— ఒక పాఠకురాలు, గుంటూరు